పల్నాటి రాయి నుంచి ఇంటి గోడ దాకా: చిన్న సున్నపు బట్టీ ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

50 కిలోల సున్నపురాయిని సొంతంగా కట్టిన చిన్న బట్టీలో కాల్చి, నీళ్లలో తడిపి, ముద్ద సున్నం చేసి, 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తున్న ఇటుక గోడకు పూత వేయడం ఈ ప్రాజెక్టు. బజారులో సంచి సున్నం తేలిగ్గానే దొరుకుతుంది. కానీ ఆ సంచిలో ఉన్నది ఏ రాయి సున్నమో, ఎంతవరకు కాలిందో, బట్టీ దిగాక ఎన్నాళ్లు గాలి పట్టిందో చెప్పేవాళ్లు ఉండరు. ఏడాది తిరక్కుండా పూత పొడిపొడిగా రాలితే నింద తాపీ మేస్త్రీ నెత్తిన పడుతుంది. పూత మంచిచెడ్డలు చాలావరకు మేస్త్రీ చేతికి రాకముందే, రాయి దగ్గరా బట్టీ దగ్గరా తేలిపోతాయి. అందుకే ఈ డైరీలో గోడ కంటే రాయికే ఎక్కువ చోటు ఇచ్చాం.

అక్టోబరు: రాయి ఎంపిక

మూడు రకాల రాళ్లు తెప్పించాం. మొదటిది పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు దొరికే బూడిదరంగు గట్టి రాయి. రెండోది అదే ప్రాంతపు పలకరాయి. పలకకీ పలకకీ మధ్య సన్నటి మట్టి చార ఉంది. మూడోది కడప జిల్లా వేంపల్లె వైపు రాయి. దూరం నుంచి చూస్తే మూడూ ఒకటే. అడిగితే మూడింటినీ సున్నపురాయి అనే చెబుతారు. బట్టీలో మాత్రం మూడూ మూడు తీరులుగా నడుస్తాయి.

మొదట చాకు పరీక్ష. సున్నపురాయిలో ప్రధాన ఖనిజం కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. దాని గట్టిదనం 10 మెట్ల కొలతలో 3. చాకు మొనతో గీస్తే తెల్లటి గీత పడాలి, రాయితో గాజును గీస్తే గాజుకు ఏమీ కాకూడదు. గాజు మీద గీత పడిందంటే రాయిలో చెకుముకి రాయి తునకలో ఇసుకో ఉందన్నమాట. అది సున్నం కాదు, బట్టీ నుంచి రాయిగానే దిగుతుంది.

తర్వాత ఆమ్లం. హార్డ్‌వేర్ కొట్లో దొరికే 30 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. చుక్క వేయగానే మొదటి రాయి బుసబుసా పొంగింది. రెండోది పొంగింది, కానీ చారల మీద పొంగు లేదు. మూడోదాని మీద చుక్క దాదాపు ఊరికే కూర్చుంది. అదే రాయిని మెత్తగా నూరి పొడి మీద వేస్తే అప్పుడు మెల్లగా బుడగలు లేచాయి. మెగ్నీషియం కలిసిన డోలమైట్ అనే రాయికి గుర్తు ఇదే. వేంపల్లె వైపు రాళ్లలో మెగ్నీషియం పాలు బాగా ఎక్కువ.

చుక్క పరీక్ష అవునో కాదో చెబుతుంది, ఎంతో చెప్పదు. ఎంత అన్నది తెలియాలంటే తూకం కావాలి. రాయిని మెత్తగా నూరి, ఆరబెట్టి, 10 గ్రాములు తూచాలి. వెడల్పు మూతి గాజుపాత్రలో 120 మిల్లీలీటర్ల పలుచటి ఆమ్లం పోసి, పాత్రతో సహా తూకం రాసుకోవాలి. పొడిని చిటికెడు చిటికెడుగా వేయాలి. ఒక్కసారి వేస్తే నురగతోపాటు తుంపరలు ఎగిరి లెక్క తప్పుతుంది. పొంగు ఆగాక పాత్రను మెల్లగా తిప్పి, లోపల మిగిలిన వాయువు పోనిచ్చి మళ్లీ తూచాలి. తగ్గిన బరువంతా కార్బన్ డయాక్సైడ్. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ అయితే 10 గ్రాములకు 4.4 గ్రాములు తగ్గాలి. ఆ తర్వాత వడకట్టి, కాగితం మీద మిగిలినదాన్ని కడిగి ఆరబెట్టి తూస్తే మట్టి, ఇసుక ఎంతో తేలుతుంది. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు ఈ పనికి చాలు.

మొదటి రాయి 4.2 గ్రాములు తగ్గింది, అడుగున 0.45 గ్రాము మిగిలింది. అంటే 95 శాతానికి పైగా కార్బొనేటే. రెండోది 3.5 గ్రాములు తగ్గింది, మిగులు 2 గ్రాములు. మూడోది 4.3 గ్రాములు చూపించింది. ఇక్కడే జాగ్రత్తపడాలి. డోలమైట్‌లో బరువు ప్రకారం కార్బన్ డయాక్సైడ్ పాలు సున్నపురాయిలో కంటే ఎక్కువ. స్వచ్ఛమైనదైతే 10 గ్రాములకు 4.77 గ్రాములు తగ్గుతుంది. కాస్త చెకుముకి రాయి కలిసిన డోలమైట్ తూకానికి మేలురకం సున్నపురాయిలాగే కనిపిస్తుంది. అందుకని చుక్క పరీక్ష చేయకుండా తూకం ఒక్కదాన్నీ నమ్మకూడదు.

బట్టీకి మొదటి రాయిని ఖాయం చేశాం. రెండోది పనికిరానిదని కాదు. మట్టి కలిసిన రాయిని కాలిస్తే ఆ మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి నీళ్లలోనూ గట్టిపడే సున్నం వస్తుంది. పునాదులకూ, తడి తగిలే చోట్లకూ అది మేలు. అయితే దాన్ని ముద్ద చేసి నెలల తరబడి నీళ్ల కింద ఉంచితే డ్రమ్ములోనే గడ్డకడుతుంది. మాకు కావలసింది నిల్వ ఉండే ముద్ద. కట్టడపు సున్నాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 712. అందులో ఇలా నీళ్లలో గట్టిపడేవి ఏ, బీ తరగతులు, మాకు కావలసిన కొవ్వు సున్నం (మట్టి దాదాపు లేనిది, గాలికే గట్టిపడేది) సీ తరగతి, డోలమైట్ సున్నం డీ తరగతి.

ఈ రాళ్లు ఎలా పుట్టాయి

సముద్రంలో గవ్వలు, నత్తలు, పగడాలు చచ్చి, వాటి పెంకులు అడుగున పేరుకుని సున్నపురాయి అవుతుందని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. లోకంలో చాలా సున్నపురాళ్లకు అది నిజమే. పులికాట్ సరస్సు అడుగున గుల్లల మేటలు ఉన్నాయి, గుల్ల సున్నం వచ్చేది అలాంటి వాటినుంచే. రాజమండ్రి దగ్గర కాతేరు, దుద్దుకూరు ప్రాంతాల్లో లావా రాతి పొరలను అంటిపెట్టుకుని ఉన్న పలుచటి సున్నపురాయిలో గుల్లల శిలాజాలు కంటికి కనిపిస్తాయి.

పల్నాటి రాయిలో మాత్రం ఎంత వెతికినా గవ్వ దొరకదు. ఈ రాయి కేంబ్రియన్ యుగానికి ముందుది. అంటే కనీసం 54 కోట్ల ఏళ్ల పైమాట. అప్పటికి గట్టి పెంకు ఉన్న జీవులు ఇంకా పెరగలేదు. వేంపల్లె డోలమైట్ ఇంకా పాతది, 180 కోట్ల ఏళ్లకు పైబడినది. మరి పెంకులు లేకుండా ఇంత సున్నం ఎక్కణ్నుంచి వచ్చింది? లోతు తక్కువ, వెచ్చని సముద్రం. నీళ్లు వేడెక్కితే అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, అది పోతే కాల్షియం కార్బొనేట్ కరిగి ఉండలేక అడుగుకు దిగుతుంది. నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు కిరణజన్య సంయోగక్రియకు అదే వాయువును లాక్కోవడంతో ఈ దిగడం ఇంకా జోరందుకుంటుంది. ఆ జీవులు జిగటపొరలుగా పరుచుకుని, సున్నపు బురదను పట్టుకుని, పొర మీద పొర పెంచుకుంటూ పోయిన గుర్తులే స్ట్రోమటోలైట్లు. వేంపల్లె రాళ్లలో అడ్డంగా కోసిన చోట గుండ్రటి వలయాలుగా కనిపిస్తాయి.

నర్జి సున్నపురాయి అని భూగర్భశాస్త్రవేత్తలు పిలిచే పొర కడప, కర్నూలు వైపు నుంచి పల్నాడు దాకా పరుచుకుని ఉంది. నది మట్టి తెచ్చి పోసిన కాలంలో బురదలో మట్టి చార పడింది, మట్టి రాని కాలంలో ముద్దగా దిగింది. మన మొదటి రాయికీ రెండో రాయికీ తేడా అంతే. ఒకే గనిలో పై మెట్టు రాయి ఒకలా, కింది మెట్టు రాయి ఒకలా ఉండటానికి కారణమూ ఇదే. కాబట్టి ఊరి పేరు చెప్పి రాయి కొంటే లాభం లేదు. లోడు మారినప్పుడల్లా ఆమ్లం పరీక్ష చేయాలి.

ఎలా పుట్టిందన్నదాన్నిబట్టే ఎందుకు పనికొస్తుందో తేలుతుంది. మట్టి చారల వెంట పలకలుగా విడిపోయే రాయి నేలకు బండలవుతుంది. బేతంచెర్ల బండలు, తాండూరు బండలు, నల్లటి కడప బండలు అన్నీ సున్నపురాళ్లే. వంటింటి గట్టు మీద కడప బండకు నిమ్మరసం, చింతపండు పులుసు పడిన చోట మెరుపు పోయి మచ్చ మిగలడం చూస్తాం కదా, అదీ మన ఆమ్లం పరీక్షే. ముద్దగా, సన్నటి రేణువుతో ఉన్న పల్నాటి రాయి ఉలికి లొంగుతుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఆ రాయి మీదే. మట్టి కలిసిన రాయి సిమెంటుకు మేలు, ఎందుకంటే సిమెంటుకు ఎలాగూ మట్టి కలపాలి. సిమెంటుగా నూరే ముందు బట్టీ నుంచి వచ్చే ఉండలే క్లింకర్; టన్ను క్లింకర్‌కు దాదాపు టన్నున్నర సున్నపురాయి పడుతుంది. మెగ్నీషియా, అంటే డోలమైట్ కాలితే వచ్చే మెగ్నీషియం ఆక్సైడ్, మాత్రం సిమెంటుకు సరిపడదు. అది నెమ్మదిగా నీటిని పట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక ఉబ్బుతుంది. అందుకే మామూలు సిమెంటులో 6 శాతం దాటకూడదని ప్రమాణం. ఉక్కు కొలిమికి, చక్కెర మిల్లులో చెరకు రసం తేర్చడానికి మట్టి లేని మేలురకం కావాలి. రొయ్యల చెరువులకైతే సున్నంతోపాటు డోలమైట్ పొడీ వాడతారు, అక్కడ మెగ్నీషియం కూడా అవసరమే.

ఇక నీటితో దీని సంగతి. వాన నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి పలుచటి ఆమ్లమై, సున్నపురాయి పగుళ్లలోంచి దిగుతూ దాన్ని కరిగిస్తాయి. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలను తొలిచింది ఆ నీళ్లే. పూత విషయంలో దీని పాఠం సూటిగా ఉంటుంది: చూరు లేని గోడకు, వాన ధార నేరుగా తగిలే చోట కొవ్వు సున్నం పూత నిలవదు.

నవంబరు: బట్టీ కట్టడం

లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, ఎత్తు 110 సెంటీమీటర్లు. ఒకటిన్నర వరస మామూలు ఎర్ర ఇటుక, మట్టి అడుసుతో కట్టాం. సిమెంటు వాడితే వేడికి పగిలి రాలుతుంది. అడుసులో మూడో వంతు ఇసుక, గుప్పెడు ఊక. నేల నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున 16 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలతో జాలి. జాలి కింద నాలుగు వైపులా 10 సెంటీమీటర్ల చదరపు గాలి కన్నాలు, ఒక్కోదానికి మూసి తెరవడానికి విడి ఇటుక. గాలిని అదుపు చేసేది ఈ ఇటుకలే, తలుపులు అక్కర్లేదు. కట్టిన తర్వాత నీడలో ఆరనిచ్చి, సన్న మంట పెట్టి తడి పూర్తిగా లాగేయాలి. తడి బట్టీలో బొగ్గు సగం ఆ తడి ఎగరగొట్టడానికే పోతుంది.

రాయిని 4 నుంచి 6 సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టాం. పరిమాణం ఒకే తీరుగా ఉండటం ముఖ్యం. పిడికిలి కంటే పెద్ద ముక్క కాలేలోపు గోలీకాయంత ముక్క అతిగా కాలిపోతుంది. పొడి, చిన్న నలుసులు తీసేయాలి, లేకపోతే సందులు పూడి గాలి ఆడదు. కొట్టిన ముక్కలను ఎండలో బాగా ఎండబెట్టాలి. లోపల తడి ఉన్న రాయి ఆవిరి ఒత్తిడికి టప్పుమని పగిలి పొడి అవుతుంది.

బొగ్గు లెక్క చెప్పుకోవాలి. రాయిని విడగొట్టడానికి కావలసిన వేడి మాత్రమే లెక్కిస్తే 50 కిలోల రాయికి 3 కిలోల కట్టెబొగ్గు సరిపోతుంది. కానీ చిన్న బట్టీలో గోడలు వేడెక్కాలి, పైనుంచి వేడి గాలి పోతుంది, చుట్టూ చల్లారుతూ ఉంటుంది. నికరంగా 18 కిలోలు పడుతుంది. పెద్ద బట్టీలు ఆరకుండా నిరంతరం నడిచేది ఈ నష్టం తప్పించుకోవడానికే.

కాల్పు

అడుగున ఎండు పుల్లలు, వాటి మీద 4 కిలోల బొగ్గు. ఆపైన ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు: 10 కిలోల రాయికి సుమారు 3 కిలోల బొగ్గు చొప్పున ఐదు వరసలు. పై వరసకు మాత్రం కాస్త తక్కువ. నిప్పు అంటుకునేదాకా నాలుగు కన్నాలూ తెరిచి, మంట రెండో వరసకు ఎక్కగానే రెండు సగం మూశాం.

కాల్షియం కార్బొనేట్ విడిపోవడానికి 900 డిగ్రీల సెల్సియస్ దరిదాపు వేడి కావాలి. ఉష్ణమాపకం లేకపోతే రంగే కొలత. ముదురు ఎరుపు చాలదు. నారింజ ఛాయ తిరిగిన ఎరుపు నిలకడగా కనిపించాలి. పసుపుకు, తెలుపుకు పోతుంటే వేడి ఎక్కువైందని గాలి తగ్గించాలి. విడిపోవడం ముక్క పైభాగం నుంచి లోపలికి పొరపొరగా సాగుతుంది, నడిమి గుండె చివర కాలుతుంది. వేడి రావడం ఒక ఎత్తు, ఆ వేడి కొన్ని గంటలు నిలవడం ఒక ఎత్తు. సాయంత్రం అంటించి రాత్రంతా కాలనిచ్చి, నిప్పు అడుగుకు దిగాక కన్నాలన్నీ మూసి మర్నాటి దాకా చల్లారనిచ్చాం.

బట్టీ ఆరుబయటే ఉండాలి. పై మూతి మీదికి వంగి చూడకూడదు. రాయి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ రెండూ అక్కడే ఉంటాయి, రెండింటికీ వాసన లేదు. గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు నిలబడి పనిచేయాలి.

దింపాక తూకం 31.5 కిలోలు. పూర్తిగా కాలి ఉంటే 29 కిలోలు రావాలి. తేడా 2.5 కిలోలు ఇంకా రాయిలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్. దాన్నిబట్టి సుమారు 6 కిలోల రాయి పచ్చిగా మిగిలిందని లెక్క. అది ఎక్కువగా గోడ పక్కనా, పై వరసలోనూ ఉంది. బాగా కాలిన ముక్క చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది: పరిమాణం తగ్గదు, బరువు దాదాపు సగమవుతుంది, గోటితో గీస్తే పొడి రాలుతుంది, రెండు ముక్కలు తాటిస్తే తేలికపాటి చప్పుడు వస్తుంది. పచ్చి ముక్క బరువుగా ఉండి రాయిలాగే మోగుతుంది. మరీ కాలిన ముక్క కుదించుకుపోయి గట్టిగా, మట్టి తగిలిన చోట గాజుపూత పూసినట్టు మెరుస్తుంది. ఈ మూడో రకాన్ని ఏరి పారేయాలి. పచ్చి ముక్క జల్లెడలో ఆగిపోతుంది కాబట్టి దానివల్ల నష్టం బొగ్గు వరకే. అతిగా కాలినది మెల్లగా, వారాల తరబడి తడుస్తుంది. గోడ ఎక్కాక తడిసి ఉబ్బితే పూత మీద పావలా బిళ్లంత గుంట పడుతుంది, గుంట అడుగున తెల్ల నలుసు కనిపిస్తుంది.

ఇలా కాలిన ముక్కలే రాతి సున్నం. దాన్ని బయట వదిలేయకూడదు. గాలిలోని తేమ పట్టి దానంతట అదే పొడి అవుతుంది, ఆ పొడి కార్బన్ డయాక్సైడ్ పట్టి మళ్లీ సుద్ద అవుతుంది. దింపిన రోజే తడపడం మంచిది.

తడపడం

కళ్లద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, పొడవు చేతుల చొక్కా. ఇవి లేకుండా ఈ పనికి దిగకూడదు. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా మంచినీళ్ల ధార కింద కనీసం 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఒంటి మీద పొడి పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, ఆ తర్వాత ధారగా నీళ్లు పోయాలి.

100 లీటర్ల ఇనుప డ్రమ్ములు రెండు, ఒక్కోదాంట్లో 40 లీటర్ల నీళ్లు. పలుచటి ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి ఆగదు. నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. చాలీచాలని నీళ్లు పోస్తే ముక్క లోపల వేడి మరీ పెరిగి, సున్నం ముతక గరుకుగా మిగిలిపోతుంది, ఎంత నానినా మెత్తబడదు. రెండేసి కిలోలుగా వేస్తూ పోయాం. మొదట ముక్క చుట్టూ చిన్న బుడగలు, చిటపట. కాసేపటికి ముక్క అంచులు పగిలి రేకులుగా విచ్చుకుని, నీళ్లు కుతకుతా ఉడకడం మొదలైంది. 56 పాళ్ల రాతి సున్నం 18 పాళ్ల నీటిని పట్టి 74 పాళ్ల తడి సున్నం అవుతుంది. ఆ పట్టడంలో పుట్టే వేడే ఇది. ఉడుకుతున్నంతసేపూ పొడవాటి కర్రతో అడుగంటా కలుపుతూ ఉండాలి. నీళ్లు తగ్గి పైకి సున్నం తేలితే వెంటనే ఇంకాస్త నీళ్లు.

చల్లారాక పాలలా ఉన్న సున్నాన్ని ముందు 3 మిల్లీమీటర్ల జల్లెడలో, తర్వాత 1 మిల్లీమీటరు జల్లెడలో వడపోశాం. పచ్చి ముక్కలు, బొగ్గు నలుసులు పైన నిలిచాయి. ఆ పచ్చి ముక్కలు కడిగి ఆరబెడితే వచ్చే కాల్పులో మళ్లీ వేసుకోవచ్చు. వడపోసినదాన్ని కదపకుండా ఉంచితే అడుగున ముద్ద, పైన తేట. గడ్డపెరుగు చిక్కదనం వచ్చేసరికి ముద్ద 45 లీటర్లకు పైగా తేలింది. దాని మీద ఎప్పుడూ నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలవాలి, డ్రమ్ముకు మూత ఉండాలి. నీటి పొర ఉన్నంతకాలం గాలి తగలదు, సున్నం చెడదు. సరికదా, నానేకొద్దీ స్ఫటికాలు ఇంకా సన్నపడి పలుచటి పలకలుగా మారతాయి, తాపీ కింద వెన్నలా సాగే గుణం పెరుగుతుంది. ఐదారు వారాలు ఆగడం వృథా కాదు.

డిసెంబరు: ఇసుక, కలపడం

ముద్ద నానుతుండగా ఇసుక చూసుకున్నాం. సీసాలో సగం ఇసుక, దాని పైదాకా ఉప్పునీళ్లు, బాగా ఊపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. పైన తేరిన మట్టి పొర ఇసుక ఎత్తులో 5 శాతం మించితే కడగాలి. మట్టి ఎక్కువైతే పూత ఆరేటప్పుడు బీటలు పడుతుంది.

ఎన్ని పాళ్లు కలపాలన్నది ఇసుకనే అడగాలి. లీటరు పొడి ఇసుకను కొలపాత్రలో తట్టి నింపి, పై అంచుకు వచ్చేదాకా నీళ్లు పోయాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అది ఇసుక రేణువుల మధ్య ఉన్న ఖాళీ. మా ఇసుకకు 330 పట్టింది. ఆ ఖాళీని సున్నం నింపాలి కాబట్టి ఒక పాలు ముద్దకు మూడు పాళ్లు ఇసుక. ఒకే సైజు రేణువులున్న సన్న ఇసుకకు ఖాళీ ఎక్కువ, సున్నమూ ఎక్కువ పడుతుంది, బీటలూ ఎక్కువ. రకరకాల సైజులు కలిసిన ఇసుకే మేలు.

20 లీటర్ల ముద్ద, 60 లీటర్ల ఇసుక. ముద్ద మీది నీళ్లు వంచేసి, విడిగా నీళ్లు పోయకుండానే కలపాలి. మొదట పొడిగా, కలవదేమో అనిపిస్తుంది. తొక్కి, దంచి, తిప్పేకొద్దీ ముద్దలోని నీరే బయటికి వచ్చి మెత్తబడుతుంది. పూర్వం ఎద్దు గానుగలో తిప్పింది ఇందుకే. గానుగ లేనిచోట రోకలితో అరగంట దంచినా సరిపోతుంది. నీళ్లు పోసి త్వరగా కలిపితే ఆ నీళ్లు ఆరేటప్పుడు పూత ముడుచుకుని బీటలిస్తుంది.

సగం సున్నానికి కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపాం. మిగతా సగం ఏమీ కలపకుండా. 10 లీటర్ల నీళ్లలో గింజ తీసి దంచిన కరక్కాయ 250 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, నాలుగు రోజులు నానబెట్టి వడకట్టి, దంచేటప్పుడు చిలకరించాం. చక్కెర సున్నాన్ని నీటిలో ఎక్కువగా కరగనిస్తుంది, మిశ్రమం తక్కువ నీళ్లకే మెత్తబడుతుంది. తియ్యదనం ఎంత పెంచితే అంత మంచిదనుకోవడం తప్పు. ఎక్కువైతే పూత గట్టిపడటం మరీ ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి.

నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు దాకా వాన చిందులు తగులుతాయి కనుక ఆ పట్టీకి విడిగా కలిపాం: ఒక పాలు ముద్ద, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక. మరీ కాలని మెత్తటి ఇటుకను దంచి సన్న జల్లెడ పట్టాలి. నల్లబడేలా కాలిన ఇటుక పొడి సున్నంతో కలవదు, ఇసుకలా ఊరికే ఉంటుంది.

పూత

ఇటుక సందులు 10 మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము దులిపి, ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి గోడ తడిపాం. నీళ్లు తాగని గోడ పూతలోని నీటిని లాగేస్తుంది, పూత ఇటుకను పట్టుకోకుండా ఊడుతుంది. అలాగని నీళ్లు కారుతున్న గోడ మీదా వేయకూడదు.

మొదటి పొర 9 మిల్లీమీటర్లు. తాపీతో విసిరి కొట్టాలి, పులిమితే సందుల్లో గాలి చిక్కుతుంది. కాస్త బిగిశాక అడ్డదిడ్డంగా గీతలు. బొటనవేలు నొక్కితే గుంట పడకుండా గోరు దిగేంత గట్టిపడ్డాక రెండో పొర 5 మిల్లీమీటర్లు. మధ్యలో చెక్కతో మళ్లీ మళ్లీ రుద్దడమే అసలు పని. ఆరేటప్పుడు పడే వెంట్రుక బీటలు ఆ రుద్దుడుకే మూసుకుంటాయి. పై పొర 2 మిల్లీమీటర్లు, ఒక పాలు ముద్దకు ఒకటిన్నర పాళ్ల సన్న ఇసుక.

పూత ఆరడం వేరు, గట్టిపడటం వేరు. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పట్టి తిరిగి కాల్షియం కార్బొనేట్ అయితేనే గట్టిదనం. ఆ చర్య జరగడానికి పూతలో కొద్దిగా తేమ ఉండాలి. పూర్తిగా ఎండితే ఆగిపోతుంది, నీళ్లతో నిండితే గాలి లోపలికి పోలేదు. అందుకే తడి గోనెపట్టాలు గోడకు తగలకుండా వేలాడదీసి, రోజూ ఉదయం సాయంత్రం సన్నగా నీళ్లు చిలకరించాం. సిమెంటులాగా ధారగా నీళ్లు కొట్టకూడదు. రెంటచింతల ఎండల్లో, మే నెలలో ఈ పని పెట్టుకుంటే పూత రెండు రోజుల్లో ఎండి చేతికి పొడి అంటుతుంది. డిసెంబరు ఎంచుకున్నది అందుకే.

ఫిబ్రవరి చివర: ఎక్కడిదాకా వచ్చింది

గోడ మూలలో చిన్న పెచ్చు తీసి, విరిచిన అంచు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాం. తడి సున్నం ఉన్న చోట గులాబీ రంగు తిరుగుతుంది, కార్బొనేట్ అయిపోయిన చోట రంగు రాదు. పై 3 మిల్లీమీటర్లు రంగు లేకుండా, దాని వెనక అంతా ముదురు గులాబీ. లోతుకు పోయేకొద్దీ ఈ వేగం తగ్గుతుంది, 16 మిల్లీమీటర్లూ మారడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా రంగులు వేయాలనుకుంటే సున్నపు వెల్లే వేయాలి. ప్లాస్టిక్ పెయింటు గాలి రంధ్రాలు మూసేస్తుంది, లోపలి సున్నం ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది.

కరక్కాయ వేసిన సగంలో వెంట్రుక బీటలు తక్కువ, రుద్దడానికీ అనువుగా ఉంది. ఏమీ కలపని సగం పై పొర ముందుగా బిగిసింది. ఇటుక పొడి పట్టీ మిగతా రెండింటికంటే గట్టిగా ఉంది, గోరు దిగడం లేదు. గుంటలు ఇప్పటిదాకా రెండే కనిపించాయి, రెండూ పై పొరలోవే. ఒకదాన్ని తవ్వి తీస్తే ఆవగింజంత గాజుపూత నలుసు దొరికింది. 1 మిల్లీమీటరు జల్లెడ దాటేంత సన్నగా ఉన్నప్పుడు వడకట్టులోంచి వచ్చి, ముద్దలో తడవకుండా కూర్చుని, గోడ మీద తడిసి ఉబ్బింది. పై పొర సున్నానికి ఇకమీదట 0.6 మిల్లీమీటరు జల్లెడ వాడతాం.

వచ్చే కాల్పుకు మూడు మార్పులు. గోడ పక్క రాయి పచ్చిగా మిగలకుండా బయట మట్టి, ఊక కలిపిన 10 సెంటీమీటర్ల పూత. పై వరస మీద పాత పెంకులు పరిచి వేడి ఆపడం. మూడోది, పక్కన పెట్టిన మట్టి చారల పలకరాయిని 10 కిలోలు విడిగా కాల్చడం. దాన్ని ముద్ద చేయకుండా, తక్కువ నీళ్లు చిలకరించి పొడిగా తడిపి, ఆ పొడితో ఉండ చేసి, కాస్త బిగిశాక నీళ్లలో వేసి ఉంచుతాం. వారం తర్వాత వేలితో నొక్కినా ఆకారం చెడకపోతే ఆ రాయి నీటి తొట్టి గోడకు పనికొస్తుంది.